మే నెల మంటకు మాఘంలోనే మందు

రోసేసియా ఉన్నవారిలో చాలామంది చర్మవైద్యుడి దగ్గరికి వెళ్ళేది ముఖం భగ్గుమన్న తరువాతే. మా తిరుపతిలో ఆ రాకపోకలు ఏప్రిల్ చివర మొదలై కర్తరి ఎండలు ముగిసేదాకా సాగుతాయి. ఈ పద్ధతి మారాలని నేను వాదిస్తున్నాను. ఎండాకాలపు ఉధృతికి చికిత్స మహాశివరాత్రి నాటికే మొదలు కావాలి, ఈశాన్య రుతుపవనాలకు తయారీ వినాయక చవితి వెళ్ళగానే జరగాలి. కళాశాలలో పాఠాలు చెప్పుకునే నేను వైద్యురాలిని కాను. కానీ ఏళ్ళ తరబడి ఈ ముఖంతో ఈ ఊరి ఎండలోనే తిరుగుతున్నాను, ఈ వ్యాధి గురించి దొరికినదల్లా చదివాను, నాకు వైద్యం చేసే డాక్టరుగారిని విసుగు పుట్టేదాకా ప్రశ్నలడిగాను. ఆ చదువూ ఆ అనుభవమూ కలిసి నన్ను ఈ అభిప్రాయానికి తెచ్చాయి.

ముందుగా వ్యాధి సంగతి. రోసేసియా ముఖం మధ్యభాగానికి, అంటే బుగ్గలు, ముక్కు, గడ్డం, నుదురులకు వచ్చే దీర్ఘకాలిక వాపు వ్యాధి. సాధారణంగా ముప్ఫై ఏళ్ళు దాటాక బయటపడుతుంది. మొదట ఉన్నట్టుండి ముఖంలోకి వేడి ఎగదన్నినట్టు ఉంటుంది, కాసేపటికి తగ్గుతుంది. పోనుపోను ఆ ఎరుపు నిలిచిపోతుంది, సన్నని రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, మొటిమల్లాంటి పొక్కులు లేస్తాయి. మొటిమల్లో ఉండే నల్లముళ్ళు, తెల్లముళ్ళు ఇందులో ఉండవు. తేడా గుర్తించడానికి అదొక మంచి ఆనవాలు. దీన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు గానీ, అదుపులో పెట్టే మందులు మాత్రం బాగానే ఉన్నాయి.

పుస్తకాల్లో ఈ వ్యాధిని వర్ణించేటప్పుడు మొదట వచ్చే మాట ఎరుపు. ఆ బొమ్మలన్నీ తెల్లతోలువి. మన చామనఛాయ మీద, నల్లని ఛాయ మీద ఆ ఎరుపు ఎరుపుగా కనబడదు. కందినట్టు, కమిలినట్టు, ఒక్కోసారి బుగ్గల మీద ముదురు గోధుమరంగు నీడ పరుచుకున్నట్టు ఉంటుంది. అందుకే మన దగ్గర ఈ వ్యాధి చాలాకాలం పేరు లేకుండా ఉండిపోతుంది. మా వీధిలోని ఒకావిడ నన్ను చూసినప్పుడల్లా "ఏం వదినా, మొగం అట్లా కందిపోయుండాదే, ఎండకు పొయ్యొచ్చినావా?" అని పలకరిస్తుంది. ఆవిడ బుగ్గలు కూడా నా బుగ్గల్లాగే ఉన్నాయి, ఆవిడ దాన్ని వేడి చేయడం అనుకుంటుంది. చామనఛాయవారు రంగు కంటే స్పర్శను నమ్ముకోవడం మంచిదని నాకు అనిపిస్తుంది. మండుతోందా, చురుక్కుమంటోందా, సబ్బు తగిలితే గుచ్చుకుంటున్నట్టు ఉందా, చేతి వెనుకభాగం బుగ్గకు ఆనిస్తే మెడ కంటే బుగ్గ వేడిగా తగులుతోందా అని చూసుకోవాలి. చర్మవైద్యులు చిన్న గాజుపలకతో చర్మాన్ని నొక్కి, రక్తం పక్కకు తొలగి రంగు పాలిపోతుందో లేదో చూసి నిర్ధారించుకుంటారు. బుగ్గల మీద సీతాకోకచిలుక ఆకారంలో వచ్చే లూపస్ అనే వ్యాధి కూడా ఎండకు పెచ్చుమీరుతుంది కాబట్టి, కీళ్ళనొప్పులు, జ్వరం, జుట్టు రాలడం తోడైతే వైద్యుడికి తప్పకుండా చెప్పాలి.

ఋతువుకూ ఈ వ్యాధికీ ఉన్న సంబంధం ఊహాగానం కాదు. అమెరికాలోని నేషనల్ రోసేసియా సొసైటీ 1,066 మందిని అడిగితే, వారిలో 81 శాతం ఎండను, 79 శాతం మానసిక ఒత్తిడిని, 75 శాతం వేడి వాతావరణాన్ని తమ బాధను పెంచే కారణాలుగా చెప్పారు. దీని వెనుక ఉన్న శరీరధర్మం తెలిసినప్పుడు నాకు మన ఊరి వేసవి కొత్తగా అర్థమైంది. మన నరాల చివర్లలో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఒకటి ఉంది. దాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది, ఆ కృషికే ఆయన 2021లో నోబెల్ బహుమతిని ఆర్డెమ్ పాటపూటియన్‌తో కలిసి అందుకున్నారు. మిరపకాయలోని కాప్సైసిన్ తగిలినా, సుమారు 43 డిగ్రీల వేడి తగిలినా అదే గ్రాహకం తెరుచుకుని మెదడుకు మంట అనే కబురు పంపుతుంది, చుట్టుపక్కల రక్తనాళాలను విప్పారజేస్తుంది. రోసేసియా ఉన్న చర్మంలో ఈ కుటుంబానికి చెందిన గ్రాహకాలు మామూలు కంటే చురుకుగా ఉంటాయని పరిశోధకులు గమనించారు. మే నెలలో 42, 43 డిగ్రీలు పలికే ఊళ్ళో, ఊరుబిండి అనే కారపు పచ్చడి లేనిదే సంగటి ముద్ద దిగని ఇళ్ళలో ఉన్నవారికి ఈ రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకుంటాయి. దీనికి తోడు, చర్మం తన రక్షణ కోసం తయారుచేసుకునే కాథెలిసిడిన్ అనే పదార్థం ఈ వ్యాధిలో మోతాదు మించి, వికృతరూపంలో పోగుపడి వాపుకు కారణమవుతుందని 2007లో రిచర్డ్ గాలో బృందం చూపించింది. వాపు ఒకసారి రాజుకుంటే చల్లగాలి తగిలినంత మాత్రాన దిగిపోకపోవడానికి ఇది ఒక కారణం.

ఇక నా వాదనకు ఆయువుపట్టు మందులు పనిచేసే వ్యవధిలో ఉంది. పొక్కులకు పూతగా ఇచ్చే మెట్రోనిడజోల్, అజెలాయిక్ ఆమ్లం, ఐవర్‌మెక్టిన్‌లలో ఏదైనా సరే పూర్తి ఫలితం చూపడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఈ లెక్కను మన పంచాంగం పక్కన పెట్టి చూడండి. మే మొదటివారంలో కర్తరి ప్రవేశించాక ముఖం మండిపోతోందని వెళ్ళి మందు రాయించుకుంటే, ఆ మందు బలం చూపే వేళకు జులై వచ్చేస్తుంది. అప్పటికి మృగశిర, ఆరుద్ర కార్తెలు కూడా దాటిపోయి ఎండ తనంతట తానే మెత్తబడుతుంది. రోగి మాత్రం వానలొచ్చాక తగ్గిందనుకుని ట్యూబు పక్కన పడేస్తాడు, మరుసటి ఏడు మళ్ళీ మే నెలలోనే వెళ్తాడు. ఏళ్ళు గడుస్తాయి, మందు ఒక్క వేసవిలో కూడా తన పని తాను చేసే అవకాశం పొందదు. అదే మందు ఫిబ్రవరిలో మొదలైతే ఏప్రిల్ చివరికి వాపు అణగి ఉంటుంది. అణగి ఉన్న ముఖానికి ఎండ తగలడం వేరు, అప్పటికే రాజుకుని ఉన్న ముఖానికి తగలడం వేరు.

ఫిబ్రవరిలో వెళ్ళడానికి ఇంకొక కారణం కూడా ఉంది. పొక్కులు ఎక్కువగా ఉన్నప్పుడు వైద్యులు డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు. అవి వాపును బాగా తగ్గిస్తాయి, కానీ చర్మాన్ని ఎండకు సున్నితంగా మార్చగలవు. నడివేసవిలో మాత్రలు మొదలుపెట్టి మిట్టమధ్యాహ్నం రేణిగుంట రోడ్డు మీద స్కూటరు నడపాల్సిన మనిషికి అది ఇరకాటమే. శివరాత్రి నాటికి ఆ విడత మొదలుపెడితే, ఎండలు ముదిరే వేళకు మాత్రలు తగ్గించి పూతమందుతో నెట్టుకురావచ్చునా అని వైద్యుడు తీరికగా ఆలోచించగలరు. గర్భిణులకు ఆ మాత్రలు పనికిరావు. అలాంటప్పుడు అజెలాయిక్ ఆమ్లం లాంటివి ఆదుకుంటాయి. దానికి మచ్చలను పలుచబరిచే గుణం కూడా ఉంది కాబట్టి మన ఛాయకు అది ప్రత్యేకంగా నప్పుతుందని నా అభిప్రాయం.

చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలు చెప్పే ఆ రోజులకు కాస్త ముందే రథసప్తమి వస్తుంది. ఆ రోజు తిరుమలలో స్వామివారు సూర్యప్రభతో మొదలుపెట్టి ఏడు వాహనాల మీద మాడవీధుల్లో ఊరేగుతారు, భక్తులు తెల్లవారుజాము నుంచి గ్యాలరీల్లో కూర్చుంటారు. కొండమీద గాలి చల్లగా ఉంటుంది కాబట్టి ఎండ తెలియదు. కానీ ఎత్తు పెరిగే కొద్దీ అతినీలలోహిత కిరణాల తాకిడి పెరుగుతుంది, ప్రతి వెయ్యి మీటర్లకూ సుమారు పది శాతం చొప్పున. తిరుమల ఎనిమిది వందల మీటర్లకు పైగా ఎత్తున ఉంది. చల్లగా ఉందని సన్‌స్క్రీన్ మరిచి కూర్చున్నవారికి ఆ సాయంత్రం నుంచే ముఖం రేగడం నేను గమనించాను. నా దృష్టిలో రోసేసియా ఉన్నవారికి వేసవి రథసప్తమితోనే మొదలవుతుంది. ఎస్పీఎఫ్ 30కి తగ్గని, జింక్ ఆక్సైడ్ గానీ టైటానియం డయాక్సైడ్ గానీ ఉన్న సన్‌స్క్రీన్ మండకుండా చర్మానికి ఒదుగుతుంది. తెల్లగా పేరుకుపోతుందని మన ఛాయవారు దాన్ని వదిలేస్తుంటారు. రంగు కలిపిన రకాలు దొరుకుతున్నాయి, వాటికి ఆ ఇబ్బంది ఉండదు.

ఏ వేడి ఎవరికి పడదో తెలుసుకోవడానికి వైద్యులు రోజువారీ పుస్తకం రాయమంటారు. నేను దాన్ని నెలల వారీగా కాక కార్తెల వారీగా రాస్తున్నాను. ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులుంటుంది, వాతావరణం మలుపు తిరగడం ఆ కొలతలో నెలలో కంటే స్పష్టంగా పట్టుబడుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, కానీ నా పుస్తకంలో అన్నిటికంటే చెడ్డ కాలం రోహిణి కాదు, ఉగాది తరువాత వచ్చే రేవతి, అశ్విని కార్తెలు. రోహిణిలో అందరూ నీడపట్టున ఉంటారు. అశ్వినిలో ఎండ అప్పుడే ముదురుతుంటుంది, పరీక్షల మూల్యాంకనం, పెళ్ళిళ్ళ తిరుగుళ్ళు ఆగవు. మలుపు దగ్గరే దెబ్బ తగులుతుందనడానికి నా వద్ద ఉన్న ఆధారం ఈ పుస్తకమే. మరొకరి పుస్తకం మరొకలా చెప్పవచ్చు.

కాఫీ విషయంలో ఒక అపోహ తొలగాలి. వేడి చేస్తుందని కాఫీ మానేయమని చెప్పేవారు చాలామంది. 1981లో జొనాథన్ విల్కిన్ అనే చర్మవైద్యుడు రోసేసియా ఉన్నవారి మీద ఒక ప్రయోగం చేశాడు. 60 డిగ్రీల వేడి కాఫీ తాగితే ముఖం ఎర్రబడింది, 60 డిగ్రీల వేడినీళ్ళు తాగినా అలాగే ఎర్రబడింది, చల్లారిన కాఫీ తాగితే ఎర్రబడలేదు. అంటే నేరం వేడిది, కాఫీగింజది కాదు. 2018లో అమెరికాలోని నర్సుల మీద జరిగిన పెద్ద అధ్యయనంలోనైతే కాఫీ ఎక్కువగా తాగేవారిలో ఈ వ్యాధి తక్కువగా కనిపించింది. ఫిల్టరు కాఫీ లేకుండా తెల్లవారని మా ప్రాంతంలో ఇది చిన్న ఊరట కాదు. నేను కాఫీని డబరాలోంచి గ్లాసులోకి, గ్లాసులోంచి డబరాలోకి నురగ చల్లబడేదాకా తిరగబోసి, స్టీలు గ్లాసు అంచును కింది పెదవికి ఆనించి చూస్తాను. అంచు చురుక్కుమనకపోతేనే తాగుతాను. పులుసులకూ చారుకూ కూడా ఇదే నియమం. కారం సంగతి మనిషికొక రకం. అందరూ కారం మానాల్సిన పని లేదు, ఎవరి పుస్తకం ఏం చెబుతోందో వారు చూసుకోవాలి.

మా ఊరి అమ్మాయిలు స్కూటీ ఎక్కేముందు చున్నీతో కళ్ళు తప్ప ముఖమంతా బిగించి చుట్టుకుంటారు. ఎండ తగలకూడదన్న ఉద్దేశం మంచిదే, కానీ నైలాన్ చున్నీ బిగిస్తే లోపల వేడీ చెమటా నిలిచి ఎండ చేసే పనే అవి చేస్తాయి. పలుచని నూలు వస్త్రం వదులుగా ఉండాలి. ఏసీ గదిలోంచి ఒక్క అంగలో ఎండలోకి రావడం, ఎండలోంచి నేరుగా ఏసీ కిందికి చేరడం రెండూ చెరుపే. నడుమ వరండాలోనో మెట్ల దగ్గరో కాసేపు నిలబడితే రక్తనాళాలకు సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. ముఖం రేగినప్పుడు ఐసుముక్క నేరుగా రుద్దవద్దు. కుండనీటిలో తడిపి పిండిన మెత్తటి గుడ్డను మెడకూ బుగ్గలకూ ఆనించడం, చల్లటి నీళ్ళు నోట్లో పుక్కిట పట్టి మెల్లగా మింగడం మేలు. స్నానం గోరువెచ్చని నీళ్ళతోనే చేయాలి, తలంటు రోజైనా సరే.

తాతయ్యగుంట గంగమ్మ జాతర సరిగ్గా ఆ మండే మే నెలలోనే వస్తుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అంటూ రోజుకొక వేషం కట్టి, ఒంటికి నామం సుద్ద, కుంకుమ, బొగ్గుపొడి, గంధం పూసుకుని వీధులు తిరిగి మొక్కు చెల్లించడం మా ఊరి ఆచారం. మా చిన్నాన్న కొడుక్కి ఈ వ్యాధి ఉంది, మొక్కు కూడా ఉంది. రోసేసియా ఉంటే జాతరకు పోవద్దని చెప్పే సలహా నాకు నచ్చదు. మనిషి తన ఊళ్ళో తన పండుగకు దూరమైతే ఆ బెంగే ముఖానికి ఇంకొక సెగ అవుతుంది. వాడు ఒంటికంతా పూత పూసుకుని ముఖానికి బొట్టు మాత్రమే పెట్టుకుంటానని భయపడుతూ మా నాయనమ్మను అడిగాడు. "మొగానికి పూత లేకపోతే అమ్మోరేమీ అనుకోదు లేరా అబ్బోడా, పొద్దెక్కక ముందే పొయ్యి మొక్కి రాపో" అంది ఆవిడ. ఆ ఏర్పాటే ఇప్పటికీ నడుస్తోంది.

మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా చేతిలో పెట్టే ట్యూబు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ముఖం కందిందని అడిగిన మా బంధువుల ఆవిడతో ఒక షాపులో "ఇది రాయండక్కా, మూడు రోజుల్లో తగ్గిపోతుంది" అన్నారు. అందులో ఉన్నది మొమెటసోన్ అనే స్టెరాయిడ్. నిజంగానే మూడు రోజుల్లో తగ్గింది. స్టెరాయిడ్ రక్తనాళాలను బిగిస్తుంది, ఎరుపు మాయమవుతుంది, చర్మం తెల్లబడినట్టు కూడా ఉంటుంది. ఆపగానే నాళాలు మునుపటి కంటే ఎక్కువగా విప్పారి ముఖం మండుతుంది, మళ్ళీ రాయక తప్పదు. నెలలు గడిచేసరికి చర్మం పలుచబడి, రోసేసియా లేనివారికి కూడా రోసేసియా లాంటి ముఖం తయారవుతుంది. ఆవిడ ఆ ట్యూబు నుంచి బయటపడడానికి పడిన యాతన నేను దగ్గర నుంచి చూశాను. 2018లో కేంద్రం చర్మానికి రాసే పలు స్టెరాయిడ్‌లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదని ఆదేశించింది. ఆ నిబంధన కౌంటరు దగ్గర అమలు కావాలి. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అనే పేర్లు ట్యూబు మీద కనబడితే, చర్మవైద్యుడు పేరుపెట్టి రాస్తే తప్ప ముఖానికి తాకనీయకండి. ఋతువు మారే రోజుల్లోనే ఈ ట్యూబులు ఎక్కువగా ఇళ్ళలోకి వస్తాయి, ఎందుకంటే ఓపిక నశించేది అప్పుడే.

నలుగుపిండితో రుద్దడం, నిమ్మరసం, ముల్తానీ మట్టి కూడా ఈ చర్మానికి సరిపడవు. పండుగనాటి నలుగు ఒంటికి చాలు.

వానల సంగతికి వస్తే, మాకు అసలు వాన అక్టోబరులో, చిత్త, స్వాతి కార్తెలతో మొదలై డిసెంబరు దాకా సాగుతుంది. మబ్బు పట్టగానే అందరూ సన్‌స్క్రీన్ మానేస్తారు, కానీ పలుచని మబ్బుల్లోంచి అతినీలలోహిత కిరణాలు 80 శాతం దాకా కిందికి దిగగలవు. మబ్బు విడిచిన మధ్యాహ్నం ఉక్కపోతలో చెమట ముఖం మీద నిలిచి మండుతుంది. దానికి పదేపదే సబ్బు పెట్టి కడగడం మందు కాదు, ఉత్త నీళ్ళతో తడిపి ఒత్తి తుడుచుకోవడం చాలు. ధనుర్మాసంలో చలి మన దగ్గర పెద్దదేమీ కాదు. పలమనేరు, మదనపల్లె వైపు కాస్త ఎక్కువ. ఆ నెలలో చెరుపు చేసేది తెల్లవారుజామున కాగుతున్న నీళ్ళ తలస్నానం, ఆ వెంటనే చల్లగాలిలో గుడికి నడక, వచ్చాక పొగలు కక్కే మిరియాల పొంగలి. పొంగలి చల్లారే వరకు ఆగండి.

కళ్ళను చాలామంది మరిచిపోతారు. ఈ వ్యాధి ఉన్నవారిలో చాలామందికి కళ్ళు పొడిబారడం, ఇసుక పడ్డట్టు ఉండడం, రెప్పల అంచులు వాచడం, పదేపదే కంటికురుపులు రావడం జరుగుతుంటుంది. ఒక్కోసారి ముఖం కంటే ముందు కళ్ళే చెబుతాయి. రెప్పలకు గోరువెచ్చని గుడ్డ కాపడం పెట్టమంటారు. అది రెప్పల వరకే, బుగ్గలకు తగలనీయకూడదు. చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా కంటి వైద్యుడి దగ్గరికి అదే రోజు వెళ్ళాలి.

మా ప్రాంతపు చర్మవైద్యులను నేను కోరేది ఒకటుంది. మే నెలలో వచ్చిన రోసేసియా రోగికి ఆ రోజు మంట తగ్గే ఉపాయం చెప్పి, పూతమందు రాసి పంపడంతో సరిపెట్టకండి. వానలు పడి ముఖం నెమ్మదించాక కూడా పూత ఎంతకాలం కొనసాగించాలో, ఎప్పుడు తగ్గించాలో చీటీ మీద తెలుగులో రాయండి. దాని కిందే మళ్ళీ ఎప్పుడు రావాలో రాయండి. "తగ్గకపోతే రండి" అని కాకుండా, ముఖం బాగున్నా సరే ఫిబ్రవరి మొదటివారంలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి రమ్మని రాయండి. రోగులు కూడా బాగున్న ముఖంతో వైద్యుడి దగ్గరికి వెళ్ళడం వృథా ఖర్చు అనుకోకుండా, ఆ రెండు తేదీలను కొత్త పంచాంగం ఇంటికి తెచ్చుకున్న రోజే అందులో గుర్తు పెట్టుకోవాలి.